తాళం తీసేలోపే ఆగడం లేదు. ఇది షుగరా, వయసా?

పల్నాడుటీచర్ | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఈ విషయం మా ఆయనతో కూడా పూర్తిగా చెప్పలేదు, ధైర్యం చేసి ఇక్కడ రాస్తున్నా. నాకు 46. ప్రభుత్వ స్కూల్లో టీచర్ని. స్కూలుకి బస్సులో గంటా పది నిమిషాలు.

ఏడాదిన్నరగా యూరిన్ సమస్య. మంట లేదు, జ్వరం లేదు, రక్తం లేదు. ఉన్నట్టుండి ఇప్పుడే వెళ్లాలనిపిస్తుంది, అనిపించాక నిమిషం కూడా ఆగదు. విచిత్రం ఏంటంటే బస్సు దిగి వీధి చివరి దాకా బాగానే నడుస్తా. మా గేటు కనబడగానే మొదలు. తాళం చెవి కోసం బ్యాగులో చెయ్యి పెట్టానంటే అయిపోయినట్టే. రెండుసార్లు గుమ్మంలోనే చీర తడిసింది. రెండోసారి ఎదురింటావిడ నిలబడి 'ఏం టీచర్ గారూ, ఇవాళ లేటయింది' అని మాట్లాడుతూనే ఉంది.

పగలు 13, 14 సార్లు, రాత్రి రెండు మూడు సార్లు. స్కూలు రోజుల్లో నీళ్లు తాగడం దాదాపు మానేశా. ఏ పెళ్లికెళ్లినా ముందు బాత్రూం ఎటుందో చూసుకుని తర్వాతే పెళ్లికూతుర్ని చూస్తా. షుగర్ టెస్టు నార్మల్. మా ఊళ్లో చూపిస్తే టెస్టు ఏమీ చెయ్యకుండా యాంటీబయాటిక్ రెండు కోర్సులు ఇచ్చారు, తేడా లేదు. మా అత్తగారు 'వయసమ్మా, ఇద్దర్ని కన్నావు' అంటున్నారు. అంతేనా? ఇక ఇంతేనా?

నల్లమలగాలి | సోమవారం, రాత్రి 11:02

తాళం సంగతి చదివి ఉలిక్కిపడ్డానండీ. ఇన్నాళ్లూ నాకొక్కడికే అనుకున్నా. నాకు తాళం కూడా అక్కర్లేదు, కుళాయి చప్పుడు చాలు. మా ఆవిడ అంట్లు తోమడం మొదలుపెడితే నేను బాత్రూంలో ఉంటా. తోమకుండా తప్పించుకోడానికే అని ఇంట్లో అందరి నమ్మకం.

అమ్మమ్మచిట్కా | మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, ఇది వేడి. టీచర్లకి నిలబడి నిలబడి వేడి చేస్తుంది. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, పల్చటి మజ్జిగ, అన్నీ కలిపి రోజుకి నాలుగు లీటర్లు తాగు. వారంలో పోతుంది. మాత్రల జోలికి వెళ్లకు.

యూరోరెసిడెంట్ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

టీచర్ గారూ, నేను యూరాలజీ చదువుతున్న డాక్టర్ని. చూడకుండా ఎవరికీ జబ్బు పేరు పెట్టను. కానీ మీరు రాసినలాంటి దానికి ఓపీలో మేం రోజూ వాడే మాట ఒకటుంది: ఓవర్ యాక్టివ్ బ్లాడర్, ఓఏబీ. ఇందులో పట్టుకోవాల్సింది ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది కాదు, ఆ ఆపుకోలేని అర్జెంటు. ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ 2002లో ఇచ్చిన నిర్వచనం కూడా దాంతోనే మొదలవుతుంది. దానికి తోడు మాటిమాటికీ వెళ్లడం, రాత్రి లేవడం ఉంటాయి. బట్టల్లో పడటం కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణం లేదని తేలాకే ఆ పేరు పెట్టాలి.

పెద్దవాళ్ల మూత్రాశయం 400, 500 మి.లీ. పడుతుంది. సగం నిండకముందే 'వెళ్లాలేమో' అని మెదడుకి చిన్న కబురు వెళ్తుంది. పాఠం మధ్యలో ఉన్నాం, తర్వాత చూద్దాం అని మెదడు దాన్ని పక్కన పెడుతుంది. ఆ సంచి గోడంతా కండరమే, డిట్రూజర్ అంటాం. నిండేదాకా అది వదులుగా పడి ఉండాలి. ఓఏబీలో వంద మి.లీ.కే పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి బిగుసుకుంటుంది. తాళం, కుళాయి చప్పుడు మీ ఊహ కాదు. ఇల్లు చేరగానే వెళ్లడం రోజూ అలవాటైతే, గేటు చూడగానే శరీరం తయారైపోతుంది. పరుగెత్తుకెళ్లిన ప్రతిసారీ ఆ అలవాటు ఇంకాస్త ముదురుతుంది.

మాత్రల సంగతి తర్వాత. ముందు యూరిన్ రొటీన్, కల్చర్ (యూరిన్లో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్ష), పొట్ట స్కాన్ చేయించండి. స్కాన్లో 'వెళ్లొచ్చాక ఎంత మిగిలింది' అనేది తప్పకుండా రాయమనండి, పీవీఆర్ అంటారు. కల్చర్ లేకుండా రెండు కోర్సుల యాంటీబయాటిక్ వాడాల్సింది కాదు. యూరిన్లో రక్తం, నొప్పి, కాళ్లలో తిమ్మిరి, మూత్రం రాకుండా ఆగిపోవడం, వీటిలో ఏదున్నా ఈ చర్చ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంకోటి. కొలతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొని మూడు రోజులు డైరీ రాయండి. ఏం తాగారు, ఎప్పుడెళ్లారు, ఎన్ని మి.లీ. ఆ కాగితం చూస్తే సగం సంగతి తెలుస్తుంది.

నల్లమలగాలి | మంగళవారం, మధ్యాహ్నం 3:10

డాక్టర్ గారూ, మా అక్కకి దగ్గినా తుమ్మినా పడుతుంది. అదీ ఇదేనా?

యూరోరెసిడెంట్ | మంగళవారం, సాయంత్రం 4:00

కాదండీ. దగ్గినప్పుడు, బిందె ఎత్తినప్పుడు పడితే అది స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్. అక్కడ తప్పు సంచిది కాదు, కింద పట్టి ఉంచే కండరాలది. దానికి ఓఏబీ మాత్రలు పని చెయ్యవు. రెండూ కలిసి ఉన్నవాళ్లూ చాలామంది ఉంటారు. అందుకే డాక్టర్‌కి 'పడుతోంది' అని ఒక్క మాటతో ఊరుకోకుండా ఎప్పుడు పడుతోందో చెప్పమనండి.

మోడరేటర్ | మంగళవారం, సాయంత్రం 6:20

మంచి చర్చ. మందుల డోసులు మాత్రం ఇక్కడ అడగొద్దు, చెప్పొద్దు.

పల్నాడుటీచర్ | ఆరు రోజుల తర్వాత

కల్చర్లో ఏమీ పెరగలేదు. స్కాన్ బాగుంది, వెళ్లొచ్చాక మిగిలింది 15 మి.లీ. అట. డైరీ రెండో శనివారం, ఆదివారం మగ్గుతో రాశా. సోమవారం స్కూలుకి మగ్గు తీసుకెళ్లే ధైర్యం లేక టైములు మాత్రమే రాసుకున్నా. పాత హాజరు పట్టీ వెనక పేజీలో రాశా, ఆదివారంది ఉన్నదున్నట్టు పెడుతున్నా.

ఉదయం 5:40, 340 మి.లీ.
6:30, కాఫీ అయ్యాక, 130
7:15, గుడికి బయల్దేరే ముందు ఊరికే, 50
7:25, చెప్పులేసుకుని మళ్లీ వెనక్కొచ్చి, 20
9:10, వచ్చి తాళం తీస్తుండగా అర్జెంటు, కాస్త పడింది, 140

అలా పగలు మొత్తం 12 సార్లు. రాత్రి పన్నెండున్నరకి 280, మూడున్నరకి 300. ఆ ఇరవై చూసి నాకే నవ్వొచ్చింది. ఇరవై అంటే దగ్గు మందు కప్పు నిండటానికి కాస్త ఎక్కువ!

యూరోరెసిడెంట్ | అదే రోజు రాత్రి

ఇది బంగారం లాంటి డైరీ. తెల్లవారుజామున 340 పట్టింది చూశారా? అంటే మీ సంచి చిన్నదైపోలేదు. నిద్రలో పట్టేది మెలకువలో పట్టడం లేదు, అంతే. 50, 20 అన్నవి అర్జెంటు వల్ల కాదు, భయం వల్ల. 'ఎందుకైనా మంచిదని వెళ్లొస్తా' అని రోజూ వెళ్తుంటే, నిండకుండానే ఖాళీ చెయ్యడం సంచికి అలవాటైపోతుంది.

రాత్రి రెండుసార్లూ 300కి దగ్గర్లో ఉంది. అది ఓఏబీ కన్నా మీరు సాయంత్రం తాగే నీళ్ల లెక్కలా ఉంది. పొద్దంతా తాగకుండా ఇంటికొచ్చాక ఒకేసారి తాగుతున్నారా?

పల్నాడుటీచర్ | అదే రోజు రాత్రి

అవునండీ. ఏడింటి నుంచి తొమ్మిదింటిలోపు లీటరు పైనే. పొద్దుటి నుంచి స్టాఫ్ రూములో మూడు టీలు తప్ప నీళ్లుండవు.

అమ్మమ్మచిట్కా | మర్నాడు

నేను చెప్పిన బార్లీ ఎవరూ పట్టించుకోలేదు.

ఫిజియోవిశాఖ | మర్నాడు

అమ్మమ్మ గారూ, మీ మాటలో సగం నిజం ఉంది. నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి పచ్చగా వస్తుంది, అది సంచిని ఇంకా రేపుతుంది. మనవాళ్లు వేడి అనేది చాలాసార్లు అదే. కానీ నాలుగు లీటర్లు వద్దు. బరువును బట్టి కిలోకి 40 మి.లీ. కన్నా ఎక్కువ మూత్రం రోజూ వస్తోందంటే, షుగర్ లాంటి జబ్బైనా ఉండాలి, తాగడమైనా ఎక్కువై ఉండాలి. అరవై కిలోల మనిషికి అది 2.4 లీటర్లు. నా దగ్గరికొచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయికి జబ్బే లేదు, టేబుల్ మీద రెండు లీటర్ల సీసా ఉంది, అంతే.

టీచర్ గారూ, నేను పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టుని, అంటే మూత్రాన్ని కింద పట్టి ఉంచే కండరాలకి వ్యాయామం నేర్పేదాన్ని. అర్జెంటు అంటే కెరటం లాంటిది. లేస్తుంది, పైకొస్తుంది, విరిగిపోతుంది. మీరు పరుగెత్తేది సరిగ్గా అది పైకొచ్చినప్పుడు, అందుకే పడుతుంది. ఇకపై గేటు కనబడి అర్జెంటు రాగానే ఆగిపోండి. గోడ పట్టుకోండి, లేదా అరుగు మీద కూర్చోండి. గ్యాస్ బయటికి పోకుండా ఆపుకునేటప్పుడు బిగించే కండరం ఉంటుంది కదా, దాన్ని గబగబా ఐదారుసార్లు బిగించి వదలండి. కడుపు, తొడలు బిగించొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. మనసులో పదిహేడో ఎక్కం చెప్పుకోండి. కింద కండరం బిగిస్తే పైన సంచి వదులవుతుంది, ఒంట్లో అలాంటి ఏర్పాటుంది. కెరటం తగ్గాక మామూలు నడకతో వెళ్లి తాళం తియ్యండి.

అదే కండరానికి రోజూ వ్యాయామం చెయ్యాలి. ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదిలి, అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీసు చెయ్యమని కొందరు చెబుతారు, అది చెయ్యొద్దు. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రెండో వారానికి మానేసి 'నాకు పని చెయ్యలేదు' అనేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ.

ఇప్పుడు మీరు గంటకోసారి వెళ్తున్నారనుకోండి, వారం పాటు గంటంపావుకి వెళ్లండి. వచ్చే వారం ఇంకో పావుగంట. మూడు గంటలకి చేరితే చాలు, పోటీ ఏం లేదు. టీలు మూడు నుంచి ఒకటికి తగ్గించండి. నీళ్లు పొద్దున, మధ్యాహ్నం కొంచెం కొంచెంగా తాగి, పడుకోడానికి రెండు మూడు గంటల ముందు ఆపెయ్యండి. మలబద్ధకం ఉంటే అదీ సరిచేసుకోవాలి. పక్కనున్న పెద్దపేగు నిండి ఉంటే సంచికి చోటెక్కడిది?

శంషాబాద్‌శీను | రెండు వారాల తర్వాత

మా నాన్న సంగతి కూడా చెప్తా. 71 ఏళ్లు, రాత్రి ఐదుసార్లు లేచేవాడు. ప్రోస్టేట్ అని మాత్ర ఇచ్చిన్రు, ధార బాగైంది గానీ లేవడం తగ్గలే. ఈ మగ్గు లెక్క చదివి మేమూ కొలిచినం. పగలంతా కలిపి 600, రాత్రి 1,100! డాక్టర్ అది చూసి కాళ్లు నొక్కిండు, గుంటలు పడ్డయి. పగలు కాళ్లల్లో చేరిన నీరు పడుకోగానే పైకొచ్చి మూత్రం అయితుందట. దానికి తోడు నీరు పోయే బీపీ మాత్ర సాయంత్రం ఏడింటికి వేస్తున్నం. దాని టైం డాక్టర్ మధ్యాహ్నానికి మార్చిండు, సాయంత్రం గంటసేపు కాళ్లు ఎత్తు మీద పెట్టుకోమన్నడు. ఇప్పుడు రెండుసార్లే లేస్తున్నడు. బ్లాడర్ మాత్ర వేయనే లేదు.

యూరోరెసిడెంట్ | అదే రోజు

సరిగ్గా పట్టుకున్నారు. రోజు మొత్తంలో మూడో వంతు కన్నా ఎక్కువ రాత్రే వస్తుంటే పెద్దవాళ్లలో ముందు సంచిని కాదు, కాళ్లు, గుండె, మందుల టైములు చూడాలి. గురక పెట్టి ఊపిరి ఆగే జబ్బున్నా అంతే. షుగర్ వాళ్లకి ఇంకో మాట. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరని మూత్రంలోంచే పంపేస్తాయి, దాంతో నీళ్లూ పోతాయి. కొత్తగా ఆ మాత్ర మొదలయ్యాక ఇబ్బంది మొదలైతే మీ డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా మాత్రం మానెయ్యొద్దు.

కృష్ణలంకపిల్ల | మరో రెండు వారాల తర్వాత

ఎక్కువ రాయను. వయసు 31. నాకు రోజుకి పాతికసార్లు, కింద నొప్పి కూడా ఉండేది. ఒకచోట ఐదు నెలలు ఓఏబీ మాత్రలే ఇచ్చారు. యూరిన్లో చీము కణాలు ఉండేవి, కల్చర్లో మాత్రం ఏమీ వచ్చేది కాదు. ఇంకో డాక్టర్ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసి, మూడు రోజులు తెల్లవారి మొదటి యూరిన్ టీబీకి పంపించారు. టీబీయే. దగ్గు లేకుండా టీబీ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది, ఆరు నెలలు వాడాను. సంచి కొంచెం కుంచించుకుపోయింది, అది ఇక మారదన్నారు. రిపోర్టులో చీము కణాలు ఉండి కల్చర్ ఖాళీగా వస్తే దయచేసి అడగండి.

పల్నాడుటీచర్ | అదే రోజు

తల్లీ, చదువుతుంటే మనసు అదోలా అయింది. నా రిపోర్టు మళ్లీ తీసి చూసుకున్నా, చీము కణాలు లేవు.

నాలుగు వారాలుగా చేస్తున్నా. గంట నుంచి గంటా నలభైకి వచ్చా. గేటు దగ్గర అరుగు మీద కూర్చుంటున్నా, ఎదురింటావిడ మోకాళ్ల నొప్పులనుకుని నూనె పంపించింది! పడటం తగ్గింది గానీ బస్సులో భయం పోలేదు. గుంటూరులో చూపిస్తే, కావాలంటే మాత్ర మొదలుపెడదామన్నారు. రెండు రకాలున్నాయట. ఎవరైనా వాడారా?

గోదారిగట్టు | మర్నాడు

మా అమ్మ అనుభవం చెబుతా. 76 ఏళ్లు. ఆక్సీబ్యూటినిన్ అనే పాత మాత్ర ఇచ్చారు. మూడో వారం మా ఆయన్ని మా తమ్ముడి పేరు పెట్టి పిలిచి, 'ఎప్పుడొచ్చావురా' అంది. సాయంత్రమైతే ఏ ఊళ్లో ఉన్నామో తెలిసేది కాదు. మతిమరుపు మొదలైందని ఇంట్లో అందరం ఏడ్చాం. న్యూరాలజీ డాక్టర్ మాత్రల సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించి, ఒక్కోటీ చూసి దాన్ని ఆపారు. పది రోజుల్లో మా అమ్మ మాకు తిరిగొచ్చింది. ఇప్పుడు మిరాబెగ్రాన్ వాడుతోంది, బీపీ చూసుకుంటూ.

యూరోరెసిడెంట్ | మర్నాడు

ఆక్సీబ్యూటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనసిన్, డారిఫెనసిన్ ఇవన్నీ ఒక జాతి. కండరాన్ని బిగించమని నరం పంపే కబురుని అడ్డుకుంటాయి. ఆ కబురు లాలాజలానికీ, పేగులకీ, చెమటకీ కూడా వెళ్తుంది. అందుకే నోరెండటం, మలబద్ధకం, చూపు మసక. వయసైనవాళ్లకి గోదారిగట్టు గారు చెప్పిన తికమక. నీటికాసుల్లో నారో యాంగిల్ రకం ఉన్నవాళ్లు, మూత్రం పూర్తిగా ఖాళీ కానివాళ్లు వీటిని వాడకూడదు. చెమట తగ్గుతుంది కాబట్టి ఎండాకాలంలో వడదెబ్బ భయమూ ఉంటుంది. మీది పల్నాడు, రెంటచింతల ఎండల గురించి మీకు నేను చెప్పాలా?

మిరాబెగ్రాన్ దారి వేరు. అది సంచిని వదులు చేసే తలుపు తడుతుంది. అమెరికాలో 2012లో వచ్చింది, ఇప్పుడు ఇక్కడ చాలా కంపెనీలు చేస్తున్నాయి. నోరెండటం తక్కువ. కానీ బీపీ పెరగొచ్చు, అదుపులో లేని ఎక్కువ బీపీ ఉంటే ఇవ్వం. మాత్రని విరవకూడదు, నమలకూడదు. పూర్తి ఫలితానికి ఎనిమిది వారాలు పట్టొచ్చు. వారంలో మార్చెయ్యమని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే: ఇది తలనొప్పి మాత్ర కాదు.

నా అభిప్రాయం అడిగితే, మాత్ర వేసుకున్నా అరుగు మీద కూర్చోడం మానొద్దు. రెండూ కలిస్తేనే బాగుంటుంది. నెలసరి ఆగిపోయాక కింద పొడిబారడం కూడా ఉంటే, పైపూతగా వాడే ఈస్ట్రోజెన్ క్రీము గురించి గైనకాలజిస్టుని అడగొచ్చు.

డాలస్‌బాబాయ్ | రెండు రోజుల తర్వాత

మాత్రలు పడనివాళ్లకి రెండు మాటలు. నాకు రెండు జాతులూ పడలేదు. ఇక్కడ కాలి చీలమండకి కాస్త పైన లోపలి వైపు సన్నటి సూది గుచ్చి కరెంటు పెట్టారు, అరగంట చొప్పున వారానికోసారి, పన్నెండు వారాలు. చీలమండ దగ్గరి నరానికీ సంచికీ ఏం సంబంధం అని నవ్వుకున్నా గానీ, రెండింటి నరాలూ వెన్నులో ఒకేచోటికి చేరతాయట. సగం తగ్గింది.

తర్వాత బొటాక్స్ వేయించుకున్నా. మా ఆవిడ 'మొహానికి కదా వెయ్యాల్సింది' అంది. గొట్టం కెమెరాతో లోపలికెళ్లి సంచి గోడకి ఇరవై చోట్ల చిన్న చిన్న సూదులు, మొత్తం 100 యూనిట్లు. జెల్ పెట్టి మత్తిచ్చారు, చీమ కుట్టినట్టుంది. ఆరేడు నెలలు హాయి, మళ్లీ వేయించుకోవాలి. కానీ నూటికి ఐదారుగురికి అసలు మూత్రమే రాకుండా ఆగిపోతుంది, అప్పుడు కొన్నాళ్లు సొంతంగా గొట్టం పెట్టుకోవాలి. ఆ గొట్టం ఎలా పెట్టుకోవాలో ముందే నేర్పారు. నేర్చుకోనంటే బొటాక్స్ వెయ్యం అన్నారు. అదే సరైన పద్ధతి.

నడుము కింద మూడో నరానికి తీగ పెట్టి, పిరుదులో బ్యాటరీ అమర్చేది కూడా ఉంది. అమెరికాలో 1997 నుంచి చేస్తున్నారు. ముందు తీగ మాత్రం పెట్టి కొన్నాళ్లు చూసి, గుణం కనిపిస్తేనే బ్యాటరీ. నేను అంతదాకా వెళ్లలేదు. ముందు వ్యాయామం, తర్వాత మాత్ర, అవి ఓడిపోతేనే ఇవి అని ఇక్కడ ఒకప్పుడు మెట్లుండేవి. 2024లో యూరాలజీ వాళ్లు కొత్త సూచనల్లో ఆ మెట్లు తీసేశారు, పేషెంటూ డాక్టరూ మాట్లాడుకుని తేల్చుకోవచ్చన్నారు.

ఫిజియోవిశాఖ | అదే రోజు

చీలమండ దగ్గర సూది లేకుండా అతుకులు పెట్టి చేసే పద్ధతి కూడా ఉంది, చర్మం మీద నుంచే సన్నటి కరెంటు ఇచ్చే మామూలు టెన్స్ మిషన్‌తో. ఫిజియోని అడగండి.

పల్నాడుటీచర్ | పదకొండో వారం

ఆలస్యంగా రాస్తున్నా, పరీక్షల హడావిడి. మిరాబెగ్రాన్ మొదలుపెట్టి ఏడు వారాలు. బీపీ వారానికోసారి చూసుకుంటున్నా, మారలేదు. పగలు ఎనిమిదిసార్లు, రాత్రి ఒకటి. మొన్న టెన్త్ ఇన్విజిలేషన్ డ్యూటీలో మూడు గంటలు గది దాటలేదు. రెండో గంటలో ఒక కెరటం వచ్చింది, కిటికీ పట్టుకుని నిలబడి పదిహేడో ఎక్కం చెప్పుకున్నా. ముందు బెంచీ పిల్ల నావైపు అనుమానంగా చూసింది. పదిహేడు ఏళ్లు నూట పంతొమ్మిది దాకా వచ్చేసరికి తగ్గింది.

పోయిన వారం వాన పడినప్పుడు మాత్రం గుమ్మం దగ్గర కొంచెం పడింది. బాధ పడలేదు. మా ఆయనకి కూడా చెప్పేశా. ఆయన ఏం మాట్లాడకుండా మర్నాడు తలుపుకి పాత తాళం తీసేసి, నంబర్లు నొక్కితే తెరుచుకునేది పెట్టించారు. ఇప్పుడు అర్జెంటులో నంబరు మర్చిపోతున్నా.

నల్లమలగాలి | అదే రోజు

హహ. పుట్టినతేదీ పెట్టుకోండి టీచర్ గారూ. నాకు స్కాన్లో ప్రోస్టేట్ కాస్త పెద్దదని తేలింది, మందు వాడుతున్నా. అంట్లు మాత్రం నేనే తోముతున్నా, కుళాయి చప్పుడుకి అలవాటు పడాలని ఫిజియో గారు చెప్పారని ఇంట్లో చెప్పడం నాదే తప్పు.

కొత్తసభ్యురాలు | రాత్రి 2:20

రెండోసారి లేచి కూర్చుని మొత్తం చదివాను. నాకు 38. రేపే మగ్గు కొంటా. ఏ సైజుది తీసుకోవాలి?

పల్నాడుటీచర్ | ఉదయం 5:50

అర లీటరుది, లోపల గీతలు కనబడేది. స్టీలుది వద్దమ్మా.